అనుమానమే సాక్ష్యమైనప్పుడు

2018 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లకు నిద్ర లేదు. పార్థీ గ్యాంగ్ దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని, అడ్డొచ్చిన వాళ్లను చంపేస్తోందని వాట్సాప్ నిండా మెసేజ్‌లు. ఎక్కడివో ఫొటోలు, ఎప్పటివో వీడియోలు. అదంతా పుకారేనని పోలీసులు చెప్పినా వినిపించుకున్న వాళ్లు తక్కువ. కుర్రాళ్లు కర్రలు పట్టుకుని ఊరి మొదట్లో కాపలా కాశారు. తెలుగు రాని కూలీలు, మతిస్థిమితం లేక తిరిగేవాళ్లు, అడుక్కుని బతికేవాళ్లు దెబ్బలు తిన్నారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపేసింది. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటన చేసుకునే సంచార జాతికి చెందిన ఐదుగురిని పంచాయతీ ఆఫీసులోకి తోసి మరీ కొట్టి చంపారు.

అప్పుడు అందరం వాట్సాప్‌ను తిట్టాం. ఆ కంపెనీ కూడా ఫార్వర్డ్‌ల మీద పరిమితి పెట్టింది. మంచిదే. కానీ ఆ మెసేజ్‌ల్లో ఒక భాగాన్ని మనచేత నమ్మించడానికి ఎవరూ కష్టపడనక్కర్లేకపోయింది. ఫలానా జాతిలో పుట్టినవాళ్లు దొంగలే అన్నది మనం ముందే నమ్మి ఉన్నాం. ఆ మెసేజ్ పంపినవాళ్లలో ఎక్కువ మంది జీవితంలో ఒక్క పార్థీ జాతి మనిషితో కూడా మాట్లాడి ఉండరు. చూడని మనుషుల మీద అంత గట్టి నమ్మకం ఎలా కుదిరిందన్నదే నన్ను వదలని ప్రశ్న.

దీనికి మనస్తత్వ శాస్త్రం ఇచ్చిన జవాబుల్లో హెన్రీ తాజ్‌ఫెల్‌ది ముఖ్యమైనది. పోలండ్‌లో పుట్టిన యూదుడాయన. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైనికుడిగా జర్మన్లకు పట్టుబడి, ఖైదీగా ఉండి బతికి బయటపడ్డాడు. ఆయన కుటుంబంలో ఎక్కువమంది మాత్రం నాజీల చేతిలో మిగల్లేదు. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో స్థిరపడి, బ్రిస్టల్ స్కూలు కుర్రాళ్లతో కొన్ని ప్రయోగాలు చేశాడు. ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చినవాళ్లు ఒక జట్టు, ఇంకొకరివి నచ్చినవాళ్లు రెండో జట్టు అని చెప్పి పిల్లల్ని విడగొట్టాడు. నిజానికి ఆ విభజనకు అర్థమే లేదు. తన జట్టులో ఎవరున్నారో కూడా ఏ పిల్లాడికీ తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టు వైపే మొగ్గారు. పైగా తమవాళ్లకు కొంత తక్కువ వచ్చినా ఫర్వాలేదు, అవతలి వాళ్లకంటే ఎక్కువ రావాలన్నట్టు పంచారు.

ఈ ఫలితం చదివి చాలామంది 'చూశారా, ఇది మనిషి స్వభావం, ఎవరేం చేయగలరు' అంటారు. నేను ఒప్పుకోను. మనిషికి గీత గీసుకునే గుణం ఉందన్నంతవరకే ఆ ప్రయోగం చెబుతుంది. గీత ఎక్కడ పడాలో, దానికి అవతల ఎవరు మిగలాలో స్వభావం చెప్పదు. ఆ పని అధికారం చేస్తుంది, వ్యాపారం చేస్తుంది, చట్టం చేస్తుంది. దానికి సాక్ష్యం కోసం బ్రిస్టల్ దాకా పోనక్కర్లేదు. బాపట్లకూ చీరాలకూ మధ్య రైలు పట్టాల పక్కనే స్టువర్టుపురం ఉంది.

ఆ పేరు వినగానే తెలుగువాళ్లలో చాలామందికి మొదట గుర్తొచ్చే మాట 'దొంగలు'. సినిమాలు అదే చూపించాయి, పత్రికలూ అదే రాశాయి. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం ఎక్కువమందికి తెలియదు. అక్కడున్నది ఎక్కువగా ఎరుకలవాళ్లు. వాళ్లలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని తెగలున్నాయి. చేసే పనిని బట్టి వచ్చిన పేర్లవి. ఉప్పు ఎరుకలు గాడిదల మీదా ఎద్దుల మీదా ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి అమ్ముకునేవాళ్లు, తిరిగొచ్చేటప్పుడు ధాన్యం తెచ్చుకునేవాళ్లు. బండి దారి కూడా లేని ఊళ్లకు ఉప్పు చేరింది అలాంటివాళ్ల వల్లే.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ బతుకు కూలిపోయింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. సరుకు మోసే పని రైలు లాగేసుకుంది. 1876-78 కరువులో పశువులు పోయాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో వెదురు కొట్టుకోవడం, పశువులు మేపుకోవడం కష్టమైంది. పని పోయినా తిరగడం ఆగలేదు, ఎందుకంటే ఉండటానికి వాళ్లకు భూమి లేదు. నిన్నటిదాకా ఉప్పు తెచ్చే మనిషిగా ఊరు ఎదురుచూసినవాడు ఇప్పుడు ఊరికి ఏ అవసరమూ లేని మనిషి. అవసరం లేని మనిషి ఊరి చుట్టూ తిరుగుతుంటే అనుమానం రావడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ అనుమానాన్ని బ్రిటిష్ ప్రభుత్వం చట్టంగా మార్చింది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఇక్కడ వడ్రంగి కొడుకు వడ్రంగే అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడని ఆ చట్టం తెచ్చినవాళ్లు వాదించారు. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించాక దాన్ని కోర్టులో సవాలు చేసే వీల్లేదు. పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా సర్కారుకు ఉండేది. ఆ తర్వాత కొద్ది కాలానికే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంట్, అంటే నేరస్థ జాతి అన్న ముద్ర పడినవాళ్లను నిఘాలో ఉంచే ఆవాసం, వచ్చింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే దానికి పెట్టారు. అక్కడివాళ్లను చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి కూడా పంపారు. ఎటూ పోలేని కూలీ దొరకడం ఎవరికి లాభమో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ చట్టం నడిచిన తీరులోనే నా ప్రశ్నకు జవాబు ఉంది. పొరుగూళ్లో చావుకు పాసు లేకుండా వెళ్తే అది నేరం. హాజరుకు అందకపోతే నేరం. కేసు పడుతుంది, శిక్ష పడుతుంది, రికార్డులోకి ఎక్కుతుంది. నాలుగేళ్లు పోయాక ఆ రికార్డు తిరగేసిన అధికారికి ఆ జాతిలో శిక్షలు పడినవాళ్లు ఎంతమందో కనిపిస్తుంది. 'మేం ముందే చెప్పాం కదా' అనడానికి అంకెలు సిద్ధం. దురభిప్రాయం తెలియనితనం వల్ల పుడుతుందని పాఠాల్లో చెబుతారు. ఇక్కడ జరిగింది వేరు. అనుమానం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకుంది. అందుకే దురభిప్రాయం ఉన్న మనిషికి అది దురభిప్రాయంలా అనిపించదు. తనకు తెలిసిన నిజంలా, అనుభవంలా అనిపిస్తుంది.

స్టువర్టుపురంలో దొంగలే లేరని నేను అనడం లేదు. ఉన్నారు, కొందరు పెద్ద పేరే మోశారు. కానీ బ్యాంకుల్ని వేల కోట్లకు ముంచినవాళ్ల గురించి చదివినప్పుడు వాళ్ల కులమంతా దొంగలని మనలో ఎవరైనా అన్నారా? పట్టుబడినవాడి ఇంటి పక్కవాళ్లకు అద్దె ఇల్లు దొరకకుండా పోయిందా? మనవాడు తప్పు చేస్తే అది వాడి ఖర్మ. వాళ్లలో ఒకడు చేస్తే అది జాతి బుద్ధి. ఈ ఒక్క తేడా చాలు, ఎన్ని ఎదురు ఉదాహరణలు చూపించినా నమ్మకం చెక్కుచెదరదు. ఆ ఊరి నుంచి చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు కంటికి ఆనరు. కనబడినా, 'వాళ్లలో మంచివాళ్లూ ఉన్నార్లే' అని మినహాయింపు లెక్కలో వేసేస్తాం.

ఇది అవతలి మనిషి లోపలికి కూడా పోతుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు అందరూ దాదాపు ఒకేలా చేశారు. ముందుగా కులం పేరు పైకి చదివాక దళిత పిల్లలు వెనకబడ్డారు. అలాంటి పిల్లలే, అవే పజిల్స్. తన ఊరి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు పక్క ఊరి పేరో, మండలం పేరో చెప్పే స్టువర్టుపురం కుర్రాడికి ఇంటర్వ్యూ గదిలో ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించుకోవచ్చు.

కలిసి మెలిసి ఉంటే ఇవన్నీ పోతాయని అంటారు. అది సగమే నిజం. మన ఊళ్లలో అన్ని కులాలూ వందల ఏళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి, రోజూ ఒకరినొకరు చూసుకుంటున్నాయి. అంటరానితనం ఆ చూపుల మధ్యే బతికింది. మాథ్యూ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో నెలరోజుల క్రికెట్ లీగ్‌లు పెట్టి ఈ సంగతే పరీక్షించాడు. వేరే కులాలవాళ్లతో ఒకే జట్టులో ఆడినవాళ్లకు ఆ కులాల స్నేహితులు పెరిగారు, సొంత కులం మీద పక్షపాతం తగ్గింది. వాళ్లకు ప్రత్యర్థులుగా ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు, దాదాపు ఎదురు ఫలితమే వచ్చింది. ఒకరి గెలుపు ఇంకొకరి చేతిలో ఉన్న చోట మాత్రమే మనుషులు దగ్గరయ్యారు.

1970ల్లో హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురంలో చేసిన పని గుర్తొస్తుంది. ఆమె గుర్రం జాషువా కూతురు. అంటరానితనం తండ్రిని ఎంత అవమానించిందో ఎరిగి పెరిగిన మనిషి. లవణం నాస్తికవాది గోరా కొడుకు. ఆ దంపతులు పోలీసు రికార్డులో దొంగలైనవాళ్లను మనుషులుగా పలకరించారు, వాళ్లతో కలిసి తిరిగారు, వేరే బతుకు దారి చూపడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించారు. నలభై ఏళ్లలో హాజరు రిజిస్టరు సాధించలేనిది అలాంటి పలకరింపు ఎంతో కొంత సాధించింది.

నేరస్థ జాతుల చట్టాన్ని 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దు చేశారు. దాని స్థానంలోకి అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి, చూపు మాత్రం పాతదే. 2024 అక్టోబర్ 3న జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. సంచార జాతులను, ఆ పాత చట్టం రద్దుతో నేరస్థ ముద్ర తొలగిన విముక్త జాతులను పుట్టుకతోనే నేరానికి అలవాటుపడ్డవాళ్లుగా చూసే జైలు నిబంధనలను తప్పుపట్టింది. చట్టం రద్దయి 72 ఏళ్లు గడిచాక కూడా ఈ మాట దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది.

జైలు మాన్యువల్ మారితే సరిపోదు. దొంగతనం జరిగిన మర్నాడు ఊరి బయట గుడారాల్లోంచి మగవాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్లే అలవాటు పోవాలి. నేరవార్తలో నిందితుడి జాతి పేరును గ్యాంగ్ పేరుగా పెట్టడం పత్రికలు, చానళ్లు మానాలి. 2018లో ఊళ్లకు ఊళ్లను రోడ్డెక్కించిన 'పార్థీ గ్యాంగ్' అన్న ఆ రెండు పదాల్లో మొదటిది ఒక జాతి పేరు. ఆ జాతి పిల్లలూ మన దేశంలో ఎక్కడో ఒక బడిలో హాజరు పలుకుతున్నారు.