టంగ్‌స్టన్ కార్బైడ్ పూతగారికి ఓ ఫిట్టర్ విన్నపం

మహారాజశ్రీ పూతగారికి,

విశాఖపట్నం నుంచి పంపు ఫిట్టర్ రాసుకునేది. ఉభయకుశలోపరి అందామంటే మీరు కుశలంగా లేరు. మీ పెచ్చు ఇప్పుడు నా అరచేతిలో ఉంది.

మా పంపులో తిరిగే షాఫ్టు అరగకుండా దానికి తొడిగే గొట్టం, అదే స్లీవు, దాని మీదికి మీరు వేంచేసినప్పుడు ఎంత హడావుడి! పొడిగా బయల్దేరి, మంటలో దూరి, ధ్వనిని మించిన వేగంతో వచ్చి ఉక్కును కరుచుకున్నారు. మందం 200 మైక్రాన్లు, అంటే రెండు మూడు తలవెంట్రుకలు పేర్చినంత. మిమ్మల్ని నున్నగా చేయడానికి మామూలు రాయి చాలక వజ్రపు రాయి పెట్టారు. స్లీవు మాత్రం మామూలు ఉక్కే. స్టెయిన్‌లెస్ అయితే ఖర్చట!

మా ఊరికి పూతలు కొత్త కాదు. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ నాడొక్కరోజే. మీరు మూడో నెలకే, టికెట్ కూడా లేకుండా, దర్శనమిచ్చేశారు.

విప్పి చూస్తే మీరు అరగలేదు, గీత కూడా పడలేదు. పొరగా లేచిపోయారు, అంతే. పెచ్చు తిప్పి చూశాను. నీళ్లు చేరని చివర కూడా వెనకంతా గోధుమరంగు తుప్పు. మిమ్మల్ని వేసే ముందు స్లీవును బ్లాస్టింగ్‌తో, అంటే గట్టి రవ్వలు జోరుగా చిమ్మి, గరుకు చేస్తారు కదా, అలా తోలు ఒలిచిన ఉక్కు మన సముద్రపు గాలికి గంటల్లోనే తుప్పు పట్టేస్తుంది. మిమ్మల్ని వేసిన షాపువాళ్లు సాయంత్రం బ్లాస్టింగ్ కొట్టి, స్ప్రే రేపు చూద్దాంలే అని ఇంటికెళ్లారట. మీరు పట్టుకున్నది ఉక్కును కాదు, తుప్పును.

నా పాపమూ ఉంది. షాఫ్టు పంపులోంచి బయటికొచ్చే చోట, అదే గ్లాండ్ దగ్గర, నీళ్లు ధారగా పోకుండా స్లీవు చుట్టూ తాడులాంటి ప్యాకింగ్ కూరుతాం. దాని నుంచి చుక్కచుక్కగా నీళ్లు కారాలి, దాన్ని చల్లగా ఉంచేవి ఆ చుక్కలే. కానీ పెద్దసారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు, నేల తడిగా ఉండకూడదన్నారు. టెన్షన్‌లో ప్యాకింగ్‌ని నొక్కే నట్లు బిగించేశాను. సార్ కారు గేటు దాటకముందే కాలిన వాసన! వేడికి ఉక్కు సాగినంత మీరు సాగరు. అసలే పట్టు లేదేమో, ఊడొచ్చారు. రిపోర్టులో మాత్రం 'పూత నాసిరకం' అని రాశారు. కింద సంతకం నాదే, క్షమించాలి.

కొత్త స్లీవుకి ఇండెంట్ పెట్టాం. ఇంకా గట్టి పూత కావాలని పైనుంచి మాట. మళ్లీ మీరే వస్తారనుకోండి. ఆ రోజు నేనే క్యారేజీ కట్టుకుని షాపుకొస్తాను. బ్లాస్టింగ్‌కీ స్ప్రేకీ మధ్య ఒక్కణ్నీ ఇంటికి కదలనివ్వను.

ఇట్లు,
గ్లాండ్ కింద బకెట్ పెట్టిన మీ ఫిట్టర్