మార్కులు వదిలేయమంటే ఎలా?

బడిలో మార్కుల కంటే నైపుణ్యాలే ముఖ్యమంటూ వచ్చిన ఒక వ్యాసంతో నేను సగమే ఏకీభవిస్తాను. విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. పనికోసం వచ్చే కుర్రాళ్లను మార్కుల లిస్టు అడగను. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్, ఒక పైపు ముక్క చేతికిచ్చి బయటి వ్యాసం ఎంతో చెప్పమంటాను. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో 30కి 30 తెచ్చుకున్నవాళ్లు కూడా మెయిన్ స్కేలు చదివి ఆగిపోతుంటారు. దాని మీద జరిగే చిన్న వెర్నియర్ స్కేలులో ఏ గీత మెయిన్ స్కేలు గీతతో కలిసిందో చూడాలన్న సంగతే తెలియదు. రికార్డు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంటారు. తప్పు పిల్లలది కాదు, ల్యాబ్‌కి తాళం వేసి రీడింగులు బోర్డు మీద రాసిచ్చిన కాలేజీలది.

అలాగని మార్కులు దండగంటే ఒప్పుకోను. ఐటీఐలో ఫిట్టర్ సీటుకైనా పదో తరగతి మార్కులే చూస్తారు. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ ప్రవేశ పరీక్షలో ర్యాంకు కావాలి. చేతిపని నేర్చుకునే గుమ్మం దగ్గరే మార్కులు అడుగుతుంటే, వాటిని పట్టించుకోవద్దని లేనింటి పిల్లాడికి ఏ ముఖంతో చెబుతాం? ఉన్నవాళ్లకు ఇంకో దారి దొరుకుతుంది, వాడికి దొరకదు.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర పని నేర్పించమంది. షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, ఫిషింగ్ హార్బర్ ఉన్న విశాఖలో అంతకంటే ఏం కావాలి? దగ్గర్లోని హెడ్‌మాస్టర్లు ఎవరైనా మా షెడ్డుకి పంపండి. వెల్డింగ్ వైపు రానివ్వను, టేపుతో కొలవడం, మూలమట్టం పెట్టడం, డ్రాయింగ్ చదవడం దగ్గరుండి నేర్పిస్తాను.