నాటకం చదివే పిల్లలకు మన హాలు తాళం ఇవ్వండి

పీయూసీ ఫలితాలు వచ్చాక బెంగళూరు తెలుగిళ్లలో ఇంజినీరింగ్ నుంచి బీబీఏ, లా దాకా అన్ని కోర్సుల ప్రస్తావనా వస్తుంది. ఆ మధ్యలో అమ్మాయో అబ్బాయో ‘నేను థియేటర్ ఆర్ట్స్ చదువుతాను’ అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. నాటకాలేసుకుంటూ తిరిగితే కూడెవరు పెడతారని పెద్దవాళ్లు నిలదీస్తారు. వాళ్ల భయాన్ని మేము తప్పుపట్టం. కష్టపడి సంపాదించిన డబ్బుతో బిడ్డను చదివించే ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ పిల్లల మీద ఎంతుందో, ఈ నగరంలోని తెలుగు సమాజం మీద కూడా అంతే ఉందని మా అభిప్రాయం.

మనం ఉంటున్న రాష్ట్రాన్నే చూద్దాం. శివమొగ్గ జిల్లాలోని హెగ్గోడు చిన్న పల్లెటూరు. అక్కడ కె.వి.సుబ్బణ్ణ 1949లో మొదలుపెట్టిన నాటక సంస్థ నీనాసం, 1980లో నాటక శిక్షణ సంస్థను కూడా తెరిచింది. అక్కడ తర్ఫీదు పొందినవాళ్లకు చదువైపోగానే ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే ‘తిరుగాట’ బృందం ఉంది. మైసూరులో 1989 నుంచి ప్రభుత్వ నాటక సంస్థ రంగాయణ నడుస్తోంది. కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో నాటక ఉపాధ్యాయుల ఉద్యోగాలూ ఇచ్చారు. బెంగళూరు జేపీ నగర్‌లో 2004లో మొదలైన రంగశంకర నాటకశాలలో దాదాపు ఏడాది పొడవునా ప్రదర్శనలు ఉంటాయి. ఆలస్యంగా వస్తే ఎంతటివారినైనా లోపలికి రానివ్వరు. నాటకానికి ఆ మర్యాద దక్కిన ఊళ్లో కన్నడ పిల్లాడు ఇంట్లో ధైర్యంగా మాట్లాడగలడు. మన పిల్లలు అదే హాల్లో టికెట్ కొనుక్కుని కూర్చుంటారు, కానీ అక్కడ తెలుగు నాటకం అరుదు.

ఇంతకీ ఈ చదువులో ఏం నేర్పుతారో చాలామందికి తెలియదు. మన పద్యనాటకాన్నే తీసుకోండి. సీసపద్యం ఎత్తుకుంటే పాదం చివర రాగం సాగదీయడం మనకు అలవాటు. శిక్షణలో గురువు ముందు హార్మోనియం ఆపించి, పద్యాన్ని మాటగా చెప్పమంటారు. ఎవరితో చెబుతున్నావు, అతను ఎంత దూరంలో నిలబడ్డాడు, అతని నుంచి నీకేం కావాలి అని అడుగుతారు. ఊపిరి ఎక్కడ తీసుకుంటే అర్థం తెగదో విద్యార్థి వెతుక్కోవాలి. ఒక్క పద్యం మీద రోజులు గడిచిపోతాయి. ఆ తర్వాత రాగం మళ్లీ వస్తుంది, ఈసారి పాత్ర కోపమో వేడుకోలో దాన్ని వెంటబెట్టుకొస్తుంది. ఇక లైటింగ్ క్లాసు ఉంటే నిచ్చెనెక్కాల్సిందే. నటుడి ముఖం మీద సూటిగా ఎదుటి నుంచి వెలుతురు కొడితే ముక్కూ కళ్లూ చదునైపోతాయి. అటూ ఇటూ పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో వేస్తే ముఖానికి ఆకారం వస్తుంది. సెట్టు, దుస్తులు, మేకప్, నాటక చరిత్ర, ఇవన్నీ పరీక్షలున్న సబ్జెక్టులే. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో కూడా నాటకానికి స్థానం ఉంది. టైంపాస్ చదువు అనేవాళ్లు ఒక్క సెమిస్టర్ దగ్గరుండి చూస్తే ఆ మాట మళ్లీ అనరు.

చదువుకోవడానికి చోట్లు లేకపోలేదు. బెంగళూరు విశ్వవిద్యాలయంలో ప్రదర్శన కళల విభాగం ఉంది. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు (ఎన్‌ఎస్‌డీ) ఇక్కడ కేంద్రం ఉంది. అటు హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఢిల్లీ ఎన్‌ఎస్‌డీలో మూడేళ్ల కోర్సుకు దరఖాస్తు చేయాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, అంతకుముందే నాటకాల్లో పాల్గొన్న అనుభవం చూపించాలి. మరి మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో పెరిగిన తెలుగు పిల్లకు ఆ అనుభవం తెలుగులో ఎక్కడ దొరుకుతుంది? ఉగాదికి సంఘం వేదిక మీద సినిమా పాటకు డాన్స్ చేసే అవకాశం వస్తుంది, అంతే.

ఒకప్పుడు ఈ నేల మీద తెలుగు నాటకానికి ఇంత కరవు లేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు బళ్లారిలోనే నాటక సమాజాలు నడిపారు. అక్కడే లాయరుగా పనిచేసిన బళ్లారి రాఘవ తెలుగుతో పాటు కన్నడ, ఇంగ్లీషు నాటకాల్లోనూ నటించారు. కుర్రతనంలో గుబ్బి వీరణ్ణ కన్నడ నాటక కంపెనీలో చేరిన దర్శకుడు బి.వి.కారంత్, ఎన్‌ఎస్‌డీలో చదివి, తర్వాత దానికే డైరెక్టరయ్యారు. ఆయన మన సురభి కళాకారులతోనూ పనిచేశారు. తరతరాలుగా నాటకమే బతుకైన ఆ కుటుంబాలకు విశ్వవిద్యాలయాల చదువుతో పనేమిటని కొందరు అంటుంటారు. మేము ఒప్పుకోం. వీరణ్ణ మనవరాలు బి.జయశ్రీ కంపెనీ వాతావరణంలో పెరిగి కూడా ఎన్‌ఎస్‌డీకి వెళ్లారు, తిరిగొచ్చి బెంగళూరులో తన బృందాన్ని నడిపారు. ఇంట్లో అబ్బిన విద్యకు ఆ చదువు తోడైంది.

నగరంలోని తెలుగు సంఘాలను మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితికి శ్రీకృష్ణదేవరాయ కళామందిరం ఉంది. మిగతా సంఘాల్లో కొన్నిటికి చిన్నవో పెద్దవో హాళ్లున్నాయి, లేనివాళ్లకు అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లున్నాయి. వేడుకలు లేని సాయంత్రాల్లో వాటిని రిహార్సళ్లకు ఉచితంగా ఇవ్వాలి. ఉగాది కార్యక్రమంలో గంటసేపు నాటకానికి కేటాయించాలి. దాన్ని రంగస్థల కోర్సు చదువుతున్న, లేదా చదివి వచ్చిన యువతకే అప్పగించి, దర్శకుడికీ నటులకూ లైట్లు వేసేవారికీ పారితోషికం ఇవ్వాలి. సినిమా గాయకులకు లక్షలు ఇచ్చే సంఘాలకు అది భారం కాదు. పాల్గొన్నవాళ్లకు పాత్ర పేరు, దర్శకుడి పేరు, ప్రదర్శన తేదీతో ధ్రువపత్రం ఇస్తే రేపు దరఖాస్తుకు పనికొస్తుంది. రెండు తెలుగు ప్రభుత్వాలు కూడా ప్రభుత్వ పాఠశాలల్లో నాటక ఉపాధ్యాయ పోస్టుల విషయం తేల్చాలి, కనీసం జిల్లాకు కొన్నిటితోనైనా మొదలుపెట్టాలి. అప్పటిదాకా ఆగకుండా సంఘాలు తమ వంతు పనిని వచ్చే ఉగాదికే చేయవచ్చు. రిహార్సళ్లకు రెండు మూడు నెలలు పడుతుంది కనుక ఆ గంట ఎవరికి ఇస్తారో సంక్రాంతిలోపే ప్రకటించాలి.