మడ అడవి మీద విచారణ కమిటీ వెయ్యాలి

కాకినాడకు దక్షిణాన, గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి మడ అడవి మీద ప్రభుత్వం తక్షణం శాఖాపరమైన విచారణ జరిపించాలని సవినయంగా డిమాండ్ చేస్తున్నాను. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించాం. 235 చదరపు కిలోమీటర్లు రాసిచ్చాం. బావురు పిల్లులతో సహా దాని పరివారాన్నంతా పోషిస్తున్నాం. అయినా ఆ అడవి ఇంతవరకు ఒక్క ప్రగతి నివేదిక పంపిన పాపాన పోలేదు. చేసే పనేదో బురద కింద చేస్తుంది. కనపడని పనికి పద్దు ఎలా రాస్తారో ఆర్థిక శాఖ వారే సెలవివ్వాలి.

ముందు ఆరోపణ ఏమిటో చెబుతాను. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చి, సిమెంటు వండి, అడవులు నరికి మానవజాతి ఏటా సుమారు 4,000 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును) గాలిలోకి వదులుతోంది. ఇంత కష్టపడి వదిలితే గాలిలో నిలిచేది దాదాపు సగమే. తక్కిన సగాన్ని సముద్రాలూ, నేల మీది చెట్టూ చేమా మట్టీ కలిసి లాగేసుకుంటున్నాయి. టెండరు లేదు, అగ్రిమెంటు లేదు, అడ్వాన్సు అడిగింది లేదు. బిల్లు పెట్టకుండా పని చేసిపోయే కాంట్రాక్టరును మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా చూశారా? అలాంటివాడు ఎదురైతే ముందు ఏసీబీకి చెప్పాలి, తర్వాత మాట్లాడాలి.

అందులోనూ కోరంగి పద్ధతి మరీ అనుమానాస్పదం. ఆటు వేళ నీరు తీసిన తర్వాత అక్కడి చెక్కల వంతెన మీద నిలబడి కిందికి చూడండి. నల్లటి బురదలోంచి తెల్లమడ, నల్లమడ చెట్ల వేర్లు వేలకొద్దీ నిలువునా ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. వేరు కిందికి పోవాలన్న కనీస నియమం కూడా వీటికి పట్టదు. బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరి పీల్చుకోవడానికి పైకి వచ్చాయట, సంజాయిషీ. ఆ వేర్ల మధ్య ఒక పీత పసుపుపచ్చ ఆకునొకదాన్ని పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, బొరియలోకి ఈడ్చుకుపోతుంటుంది. బొరియ పక్కన ఒక బుడగ లేచి పగులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు.

ఈ కంపే కీలక సాక్ష్యం. మామూలు అడవిలో ఆకు రాలితే చెదలూ బూజులూ సూక్ష్మజీవులూ దాన్ని తినేసి, అందులో ఉన్న కార్బన్‌లో చాలా భాగాన్ని కొద్ది కాలంలోనే మళ్లీ గాలికి అప్పజెప్పేస్తాయి. నిజాయితీ గల వ్యవహారం. ఇక్కడ అలా కాదు. పోటు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి బురదను నానబెట్టిపోతుంది. పైపొర దాటితే ఆక్సిజన్ ఉండదు. ఆక్సిజన్ లేకుండా బతకగలిగిన సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటుతో పని నెట్టుకొస్తాయి. ఆ కంపు వాటిదే. వాటి పని మహా నెమ్మది. సగం తిన్న ఆకులూ చచ్చిన వేర్లూ అలాగే ఉండిపోతాయి. వాటి మీద నది కొత్త ఒండ్రు తెచ్చి పోస్తుంది. వందల ఏళ్లు గడిచినా ఫైలు కదలదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన సెక్రటేరియట్ కూడా దానికి నమస్కారం పెట్టాల్సిందే.

ఫలితంగా హెక్టారుకు హెక్టారు లెక్క చూస్తే, మెట్ట మీది ఉష్ణమండల అడవి కంటే మడ అడవిలో మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ కార్బన్ ఉంటుందని పరిశోధకులు తేల్చారు. అందులోనూ అత్యధిక భాగం చెట్టులో లేదు, బురదలో ఉంది. పైన కనపడేది గుబురుగా నాలుగు చెట్లు, కింద తరతరాల నిల్వ. ఇంత ఆస్తి ఉండి రెవెన్యూ రికార్డుల్లో దేనికీ పనికిరాని ఉప్పునేలలా కనపడడం మోసం కాక మరేమిటి?

ఇదే పనిని మనం ఎంత పద్ధతిగా చేస్తామో చూడండి. 1950లో కేంద్ర మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. ఆనాటి నుంచీ మనం ఆ క్రతువుకు మెరుగులు దిద్దుతూనే ఉన్నాం. ముందురోజు సాయంత్రమే గుంత సిద్ధం. గుంత చుట్టూ ముగ్గు. పారకు పసుపు కుంకుమ. పది మంది చేతులు తగలడంతో సగం ప్రాణం పోయిన మొక్కను, నల్ల కవరు తీశారో లేదో ఎవరికీ తెలియకుండా, ముఖ్య అతిథి గుంతలో దించుతారు. చెంబుతో నీళ్లు పోస్తూ మొక్కవైపు కాకుండా కెమెరా వైపు చూడడానికి అనుభవం కావాలి. చుట్టూ ఇనప కంచె, కంచె మీద దాత పేరు, ఆ పేరు మొక్క కంటే పొడుగు. మరుసటి ఏడు అదే గుంత, కొత్త మొక్క. గుంత తవ్వే ఖర్చు ఖజానాకు మిగిలినట్టే కదా.

తెలంగాణ 2015లో హరితహారం ప్రారంభిస్తూ 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యమంటే అలా ఉండాలి. రోడ్ల పొడుగునా వేగంగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వేశాం. తర్వాత అది మంచిది కాదని నాటడం మానేశాం. నాటడంలో ఒక ఉపాధి, పీకడంలో ఇంకొకటి.

మరి మడ అడవిలో? ఉప్పుపొన్న గింజ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. జానెడు కాడలా పెరిగి, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా జారి, నిటారుగా బురదలో దిగబడుతుంది. లేదా పోటు నీటిలో తేలుకుంటూ తనకు నచ్చిన చోటికి పోతుంది. జీపీఎస్ ట్యాగు లేదు. ముఖ్య అతిథికి ఎంత అవమానం!

అడవి అంటే ఏమిటో నిర్ణయించడంలోనూ మనం ఉదారులం. భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో, హెక్టారూ ఆపైన ఉన్న నేలలో పదో వంతు మీద చెట్ల గొడుగు పరుచుకుంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అనే చాదస్తం లేదు. కాబట్టి కోనసీమ కొబ్బరి తోటా అడవే, నూజివీడు మామిడి తోటా అడవే. కొబ్బరి దింపు తీయడానికి వెళ్లే మనిషి రోజూ అడవికి పోతున్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోవడం మన ప్రచార శాఖ వైఫల్యం. ఈ పద్ధతిలో 2023 నివేదిక నాటికి దేశంలో 25.17 శాతం అడవులూ చెట్లే అని తేలింది. అడవుల కార్బన్‌లో సగానికి పైగా మట్టిలోనే ఉందని కూడా ఆ నివేదికలోనే ఉంది. ఆ పేజీకి మాత్రం ఎవరూ ఫ్లెక్సీ వేయించలేదు. పారిస్ ఒప్పందం నాడు, 2030 కల్లా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువుకు చెట్లలో చోటు చూపిస్తామని ప్రపంచానికి మాటిచ్చిన వాళ్లం. చూపించడం ముఖ్యం.

ఒకచోట నరికిన అడవిని ఇంకోచోట పుట్టించే విద్య కూడా మన దగ్గరుంది. గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవుకూ విమానాశ్రయానికీ టౌన్‌షిప్‌కూ 130 చదరపు కిలోమీటర్ల వానాడవిని మళ్లిస్తూ, దానికి బదులు చెట్లను హర్యానాలో పెంచాలని తలపెట్టారు. గలాతియా తీరంలో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేళ్లు, మెగాపోడ్ పక్షులు చిరునామా మార్చుకోకపోతే అది వాటి బద్ధకం. ముదురు అడవిలో ఉన్నంత కార్బన్ నిన్న నాటిన మొక్కలో చేరడానికి తరాలు పడుతుందని కొందరు సణుగుతారు. పట్టనివ్వండి. తరాలు ఎలాగూ వస్తాయి.

మడ అడవి దాచుకున్నదాన్ని బయటికి కక్కించే మార్గం 1990లలోనే కనిపెట్టాం. రొయ్యల చెరువు. పొక్లెయిన్ దిగి చెట్లు పెకలించి బురదను తిరగేస్తుంది. గట్టు పోస్తారు. వందల ఏళ్లు గాలి మొహం చూడని మట్టికి గాలి తగులుతుంది. సూక్ష్మజీవులు నిద్ర లేస్తాయి, పాత బకాయిల్లో చాలా భాగం కొద్ది ఏళ్లలోనే చెల్లించేస్తాయి. పారదర్శకత అంటే ఇదీ. 1996లో సుప్రీంకోర్టు తీర పరిధిలోని చెరువులు తీసెయ్యమని తీర్పు చెబితే, 2005లో పార్లమెంటు చట్టం చేసి వాటికి ఊరట ఇచ్చింది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలను చదును చెయ్యబోతే మాత్రం వ్యవహారం హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కింది. బురదకు కూడా వకీళ్లు దొరికే రోజులు.

నాకు అన్నిటికంటే మింగుడుపడనిది కాలువల సంగతి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పూర్వం చెట్లను పూర్తిగా నరికేసిన చోట్ల నేల ఎండి, కుంగి, పళ్లెంలా గుంటపడింది. పోటు నీరు వచ్చి అక్కడే నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు మిగిలేది. ఏం నాటినా చచ్చేది. అటవీ శాఖా, స్వామినాథన్ పరిశోధన సంస్థా, ఊళ్లలోని వన సంరక్షణ సమితులూ కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వాయి. పెద్ద కాలువ ఒకటి, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. నీరు వచ్చి పోవడం మొదలైంది, ఉప్పు తగ్గింది, మడ తిరిగి లేచింది. మొక్కలూ నాటారు, నిజమే. కానీ అసలు పని నీటికి దారి ఇవ్వడం. ప్రారంభోత్సవానికి బోర్డు ఎక్కడ పెట్టాలి? కాలువలోనా?

ఇలా ఉచితంగా చేసిపెట్టేవాళ్లు ఎల్లకాలం చేస్తారన్న ధీమా కూడా ఈ మధ్య సడలుతోంది. గోదావరి ఒండ్రు చాలావరకు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది కాబట్టి కోరంగికి పైన కప్పుకునే సరుకు తగ్గింది. అమెజాన్ అడవి ఆగ్నేయ భాగమైతే పీల్చేదాని కంటే వదిలేదే ఎక్కువగా ఉందని 2021లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. సమ్మెల మీద వాడే ఎస్మా చట్టం ప్రయోగించే వీలుందేమో న్యాయ నిపుణులు పరిశీలించాలి.

నా మటుకు నేను రాజీకి సిద్ధం. విచారణ వద్దనుకుంటే, వచ్చే వనమహోత్సవం మడ అడవిలోనే పెట్టమని ఒక అర్జీ తయారుచేశాను. అది అందుకున్న కార్యాలయంలో సంభాషణ ఇలా నడుస్తుందని నా ఊహ.

“మొక్క ఎక్కడ పెట్టాలయ్యా?”

“బురదలోనండి.”

“మరి సారు ఎక్కడ నిలబడాలి?”

“సారు కూడా బురదలోనేనండి. మోకాలి దాకా దిగుద్దండి.”

“ఫొటోగ్రాఫరో?”

“ఆయన పడవలోనండి. పోటు మొదలైతే మాత్రం తొందరగా తీసెయ్యాలండి.”

“కంచె?”

“కొట్టుకుపోద్దండి.”

“సరే, ఆ అర్జీ ఇటివ్వు. కలెక్టరేటు కాంపౌండులో పోయినేడాది గుంత ఉందేమో చూసి రా.”