గుడి చుట్టూ గీత గీశారు.. మండువా సంగతేంటి?

ద్రాక్షారామ భీమేశ్వరాలయం, సామర్లకోట కుమారారామం, బిక్కవోలు గోలింగేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్లు. ఇలాంటి గుళ్ల పక్కన పాత పెంకుటిల్లో, మండువా లోగిలో (నడిమధ్య కప్పు లేని ఖాళీ, దాని చుట్టూ గదులు ఉండే ఇల్లు) ఉన్నవాళ్లను ఒక భయం వెంటాడుతుంది. ఇటుక కదిపితే కేసవుతుందని చూరు కూడా సరిచేయించరు. పగిలిన పెంకు సందులోంచి నీళ్లు కారి వాసం పుచ్చిపోతుంది, నాలుగు వానాకాలాలకు కప్పు కుంగుతుంది. చట్టం వద్దన్నది మరమ్మతును కాదు.

1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, అక్కణ్నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది రక్షిత హద్దు నుంచి. గోపురం నుంచి టేపు పట్టి చాలామంది లెక్క తప్పుతున్నారు. మొదటి 100 మీటర్లలో కొత్త కట్టడానికి వీల్లేదు. అయితే 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకుంటామని యజమాని ఇందుకోసం నియమించిన అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీతో పాటు దస్తావేజు, ఇప్పుడున్న ఇంటి ప్లాను, చేయబోయే పని ప్లాను, ఇంటి ఫొటోలు సిద్ధం చేసుకోవాలి. ఆ అధికారి 15 రోజుల్లో అర్జీని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. సంస్థ రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, అది అందిన నెలలోగా అనుమతో తిరస్కారమో తేలాలి. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇందులో మెలిక ఒకటుంది. ఇల్లు కూల్చి అవే కొలతలతో కట్టినా చట్టం దాన్ని పునర్నిర్మాణం అంటుంది, మరమ్మతు అనదు. మొదటి 100 మీటర్లలో అనుమతి దొరికేది మరమ్మతుకే. అంటే భయపడి వదిలేసిన ఇల్లు కూలిపోతే, అక్కడ మళ్లీ కట్టుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఈ ముక్క ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి పెట్టాలి.

300 మీటర్లు దాటాక మండువా లోగిలిని పట్టించుకునే నిబంధన దాదాపు లేదు. పాత ఇల్లు తీసి కొత్తది కడితే రోడ్డు వైపు ఖాళీ వదలాలి, దాంతో వీధి పొడవునా వరసగా ఉన్న అరుగుల మధ్య పన్ను ఊడినట్టు సందు పడుతుంది. అన్నదమ్ములు పంచుకుంటే మండువా నడిమధ్య గోడ లేస్తుంది. నాలుగు వైపుల చూరు నీళ్లు పడే చోటు ఒకటే, బయటికి పోయే తూమూ ఒకటే. అది ఒకరి వాటాలోకి వెళ్తే రెండో వాటాలో నీళ్లు నిలుస్తాయి. పంపకాల కాగితంలో తూము హక్కు రాసుకునేవాళ్లు అరుదు.

పెంకు తీసి శ్లాబు వేయడం ఇంకో పొరపాటు. బద్దెలతో కలిపి బంగాళా పెంకు బరువు చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు. ఐదంగుళాల శ్లాబు బరువు 300 కిలోల పైమాటే. పాత సున్నం గోడ, దాని కింద వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే నల్లరేగడి. ఆ బరువుకు ముందు గుమ్మాల మూలల్లో ఏటవాలు పగుళ్లు వస్తాయి. గోదావరి డెల్టాలో భూగర్భ నీరు పైపైనే ఉంటుంది కాబట్టి చెమ్మ గోడలోకి పాకుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పూసి నడుం ఎత్తున పెచ్చులూడతాయి. చెమ్మ గీతకు అడుగు పైదాకా సిమెంటు చెక్కేసి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుకతో పూయాలి. ఒక పూత ఆరాకే రెండోది. తొందరపెడితే మేస్త్రీ సిమెంటు కలిపేస్తాడు, జాగ్రత్త. తుపాను గాలికి ముందు లేచేది చూరు అంచు వరస. ఆ పెంకులను జీఐ తీగతో (జింకు పూత ఉన్న ఇనుప తీగ) బద్దెకు కట్టించాలి.

పంచాయతీలు, మున్సిపాలిటీలు చేయగలిగినవి ఉన్నాయి. ఊళ్లో మిగిలిన లోగిళ్ల జాబితా తయారు చేయాలి. వీధి వైపు అరుగు, చూరు ఎత్తు, పెంకు వాలు మార్చకుండా ఉంటే వెనక భాగంలో బాత్రూమ్, వంటగది, గది కట్టుకోవడానికి సులువుగా అనుమతివ్వాలి. ఉన్న ముఖభాగాన్ని నిలుపుకున్నవాళ్లను రోడ్డు వైపు ఖాళీ వదలమనకూడదు. సౌకర్యం లేని ఇంట్లో పిల్లలు ఉండమంటే ఉండరు. ఉండేవాళ్లు లేకపోతే టేకు స్తంభాలు కొనేవాడికే ఆ ఇల్లు కావాలి.

అన్నిటికన్నా ముందు ఆపాల్సింది రోడ్డు పెరగడం. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తున్నారు. పోసిన ప్రతిసారీ వీధి ఇంకాస్త లేస్తుంది. మండువా నేల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆఖరికి కాలువ నీళ్లు తూములోంచి ఎదురు తన్ని ఇంట్లోకి వస్తాయి. ఇంటివాళ్లు తూముకు గుడ్డలు కుక్కి, వాన పడ్డప్పుడల్లా బకెట్లతో మండువా తోడుకుంటారు. కాంక్రీటు పోసే ముందు ఇంజినీరు వీధిలోని ప్రతి తూము నోటి మట్టం కొలిచి ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) రాయాలి. కాలువ అడుగు దానికన్నా కిందే ఉండాలి. కుదరకపోతే పాత రోడ్డు తవ్వి తీసే ఖర్చు కూడా అంచనాలోనే కలపాలి.