కోటలా కనిపించాలనుకున్న ఇల్లు

ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో స్టోక్సే కోట ఉంది. అగడ్త, బురుజులు, కోటకొమ్మలు అన్నీ ఉన్నాయి. కానీ కట్టించింది రాజూ కాదు, సేనానీ కాదు. లడ్లో పట్టణానికి చెందిన లారెన్స్ అనే ఉన్ని వ్యాపారి.

1281లో అతను ఈ భూమి కొన్నాడు. ఆ తర్వాత రెండేళ్లలోనే మొదటి ఎడ్వర్డ్ రాజు వేల్స్‌ను జయించడంతో సరిహద్దులో భయం తగ్గింది. మరి కోట ఎందుకు? జవాబు పెద్ద హాలు కిటికీల్లో ఉంది. అగడ్త వైపు గోడకు కూడా ఎత్తైన, వెడల్పాటి కిటికీలు పెట్టించాడు. నిజంగా ముట్టడికి భయపడేవాడు శత్రువు వచ్చే వైపు అలాంటి కిటికీలు పెట్టడు. 1291లో కోటకొమ్మలు కట్టుకోవడానికి రాజు నుంచి అనుమతి పత్రం తెచ్చుకున్నాడు. రాజుకే అప్పులిచ్చే వ్యాపారికి ఆ పత్రం రక్షణ కంటే హోదాకే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం. దొంగల బెడద నుంచి కొంత ధైర్యం కూడా ఇచ్చి ఉంటుంది, కాదనను. పాపం, ఆ వైభవాన్ని అతను ఎక్కువ కాలం అనుభవించలేదు. 1294లో ఓడ మునిగి చనిపోయాడు.

తర్వాతి తరాలకు ఇది పల్లెటూరి నివాసంగా స్థిరపడింది. 17వ శతాబ్దంలో పై గదికి చెక్క పలకలు తొడిగి, పొయ్యి మీద రంగురంగుల చెక్కడాలు పెట్టారు. ద్వారం దగ్గర కట్టిన పసుపు రంగు కలప ఇల్లు కూడా ఆ కాలానిదే. 1645లో, రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, పార్లమెంటు సేన వచ్చి నిలబడితే లోపలున్న రాజు పక్షంవాళ్లు పోరాడకుండా లొంగిపోయారు. దాన్ని పిరికితనం అనేవాళ్లు ఉండొచ్చు. ఆ రోజు వాళ్లు పంతానికి పోయి ఉంటే మనకు మొండిగోడలే మిగిలేవి. గెలిచినవాళ్లు ప్రహరీ గోడ ఎత్తు తగ్గించారు గానీ ఇంటి జోలికి పోలేదు.

ఆ తర్వాత రైతుల చేతుల్లో ఇది గిడ్డంగిగా మారింది. 1869లో కొన్న జాన్ డెర్బీ ఆల్‌క్రాఫ్ట్ చేతితొడుగుల వ్యాపారంలో బాగా సంపాదించినవాడు. కూలిపోతున్న చోట మరమ్మతు చేయించాడు, అంతకు మించి ముట్టుకోలేదు. ఆనాటి డబ్బున్నవాళ్లు పాత కట్టడాలకు కొత్త బురుజులు తగిలించి, లోపలంతా మార్చేసి కాపురం పెట్టేవాళ్లు. ఈయన తన దర్జాకు తగ్గ భవనాన్ని కొంత దూరంలో వేరే కట్టించుకున్నాడు. స్టోక్సే చరిత్రలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం ఇదేనని గట్టిగా నమ్ముతాను. 13వ శతాబ్దపు చెక్కమెట్లు, నడుమ నిలువు స్తంభాలు లేకుండా నిలిచిన హాలు పైకప్పు ఈ రోజుకీ చూడగలుగుతున్నామంటే ఆ నిగ్రహం వల్లే.

1992 నుంచి కోట, చారిత్రక కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ అధీనంలో ఉంది. హాలును కుర్చీలు, తెరలతో నింపకుండా ఖాళీగానే ఉంచారు. సందర్శకులకు బోసిగా అనిపించినా సరే, అది అలాగే ఉండాలి. కల్పించి పెట్టిన సామాను మధ్య నిజంగా పాతదేదో పోల్చుకోవడం కష్టం.