పిట్ట ఫోటో ఫార్వర్డ్ చేసే ముందు ఊరూ తేదీ రాయండి

దసరా అయిన మూడో రోజు పొద్దున ఆరింటికి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తలుపు కొట్టాడు. చేతిలో తువ్వాల, అందులో ఒక పిట్ట. "సార్, మెట్ల కాడ అద్దం కింద పడి ఉన్నది. సచ్చిందనుకున్న. ముట్టుకుంటే కండ్లు తెరిచింది" అన్నాడు.

హన్మకొండలో ఇరవై ఏండ్ల నుంచి ఉంటున్నాను. ఆ పిట్టను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. వీపంతా ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, గోధుమ రంగు పొట్ట, కంటి మీదుగా నల్లటి పట్టీ, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. నవరంగ్ అంటారు. పొన్నంకి పిట్ట అనే పేరు కూడా ఉంది. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, లోపల గుడ్డ వేసి, చీకటిగా ఉండే మూలలో ఉంచాం. నోట్లో నీళ్లు పోయలేదు, అట్లా పోస్తే ఊపిరాడక చచ్చిపోతాయి. సాయంత్రం పద్మాక్షి గుట్ట వైపు చెట్ల కింద పెట్టె తెరిస్తే రెండు గంతులు వేసి ఎండుటాకుల్లోకి వెళ్లిపోయింది. నాకూ వాచ్‌మన్‌కూ ఆ రోజంతా ఉన్న టెన్షన్ అప్పుడు తీరింది.

నాకు కోపం వచ్చింది ఆ తర్వాత జరిగినదానికి. ఆ ఫోటో ఒక స్నేహితుల గ్రూపులో పెట్టాను. వారం తిరక్కుండా అదే ఫోటో, మా తువ్వాలతో సహా, వేరే గ్రూపు నుంచి నాకే తిరిగొచ్చింది. కింద "ఏటూరునాగారం అడవిలో దొరికిన అరుదైన విదేశీ పక్షి" అని రాసి ఉంది. ఇంకో రెండు రోజులకు ఒక లోకల్ ఛానల్‌లో "వింత పక్షి" అని వచ్చింది. ఊరు తప్పు, తేదీ లేదు, విదేశీ అన్నది అబద్ధం. తప్పు సరిదిద్దమని ఫోన్ చేస్తే "ఇప్పుడేమైంది సార్, పిట్టే కదా" అన్నారు.

ఏమైందో చెప్తాను. ముందు ఆ విదేశీ మాట సంగతి. ఈ పిట్ట పూర్తిగా మన ఉపఖండానిది. హిమాలయాల దిగువ అడవుల్లో, మధ్య భారతంలో వానాకాలం గూడు కడుతుంది. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు పోతుంది. మళ్లీ ఎండాకాలంలో వెనక్కి వస్తుంది. అసలు ఈ జాతికి శాస్త్రంలో ఉన్న పేరే "పిట్ట". 1816లో వియెయో అనే ఫ్రెంచ్ పక్షి శాస్త్రవేత్త మన తెలుగు మాటనే తీసుకుని ఆ పేరు పెట్టాడు. ఆస్ట్రేలియాలో ఉన్న దాని చుట్టాలను కూడా పిట్ట అనే పిలుస్తారు. మన మాటతో లోకమంతా పిలిచే పిట్టను మన ఊళ్లోనే విదేశీ అంటే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇక అసలు విషయం. ఈ పిట్ట బరువు 50, 60 గ్రాములు. రాత్రిపూట ఎగురుతుంది. పగలు ఏ పొదలోనో ఆకులు తిరగేసుకుంటూ పురుగులు తింటుంది, కంటికి కనపడదు. పెద్ద పక్షులకు కట్టినట్టు దీనికి బరువైన ట్రాన్స్‌మిటర్ కట్టలేం. చిన్నవి ఉన్నా ఎన్ని పిట్టలకని కడతారు? మరి ఇది ఏ దారిన పోతుందో, ఎక్కడ ఆగుతుందో, ఏ వారంలో మన జిల్లా దాటుతుందో ఎట్లా తెలుస్తుంది? అలసిపోయి, కరెంటు వెలుగుకు దారి తప్పి, అద్దానికి కొట్టుకుని ఎవరి వాకిట్లో పడుతుందో వాళ్లు చెప్తేనే తెలుస్తుంది. అంటే మా వాచ్‌మన్ లాంటి వాళ్లు, హాస్టల్ పిల్లలు, తెల్లారి ఆసుపత్రి మెట్లు ఊడ్చే అక్కలు.

అందుకే ఊరూ తేదీ పోగొట్టడం చిన్న విషయం కాదంటున్నాను. ఫోన్‌తో ఫోటో తీస్తే ఆ ఫైల్‌లోనే తేదీ, టైమ్ ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో కూడా ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపగానే అవన్నీ ఊడిపోతాయి. బొమ్మ మిగులుతుంది, సమాచారం పోతుంది. ఆ ఒక్క పిట్ట మనకు ఇచ్చిన సాక్ష్యం అక్కడితో ఆఖరు.

జనం రాస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2007లో బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు వలస పక్షుల కోసం మైగ్రంట్‌వాచ్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, ఫలానా పక్షిని ఈ ఏడాది మొదట ఎప్పుడు చూశారో రాయమని మామూలు మనుషులనే అడిగారు. వానలతో పాటు వచ్చే చాతక పక్షి రాకను అట్లా దేశమంతా కలిసి గమనించారు. కేరళలో 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా వలంటీర్లు రాష్ట్రం మొత్తం తిరిగి, ఏ పక్షి ఎక్కడుందో చూపే పక్షుల అట్లాస్ తయారుచేశారు. 2023లో వచ్చిన భారత పక్షుల నివేదిక 30 వేల మందికి పైగా చూసి రాసిన వివరాల మీద నిలబడింది. మన పాలపిట్ట తగ్గిపోతోందని గట్టిగా చెప్పగలిగింది ఆ రాతల వల్లే.

మరి ఉత్తర తెలంగాణ సంగతి? జూన్‌లో నవరంగ్ పిలుపు వినడానికి, ఫోటో తీయడానికి హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరి గుట్టలకు పెద్ద కెమెరాలతో పోతారు. మంచిదే. కానీ పాకాల చుట్టూ, తాడ్వాయిలో, కవ్వాల్‌లో చెవులు లేవా? మే నెలలో తునికాకు కోసం తెల్లవారకముందే అడవిలోకి పోయే ఆడవాళ్లకంటే పిట్ట పిలుపు ఎక్కువ విన్నవాళ్లు ఎవరున్నారు? రెండు ముక్కల ఈల అది, పొద్దునా పొద్దుగూకేటప్పుడూ వేస్తుంది. వాళ్లను మనం ఎప్పుడూ అడగలేదు. పక్షుల మీటింగుల్లో నేను చూసిన ఇంకో బాధ ఇది. ఎవరైనా మసకగా ఉన్న ఫోటో తెస్తే, ఇంగ్లిష్ పేరు తప్పు చెప్తే, నవ్వుతారు. ఆ మనిషి మళ్లీ రాడు. మసక ఫోటో అయినా ఊరూ తేదీ ఉంటే అది అందమైన ఫోటో కంటే విలువైనది. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి ఒక్కరోజే వేల చెట్లు కూలిపోయాయి. నెల, నెలన్నర తిరిగేసరికి నవరంగ్‌లు దక్షిణానికి కదిలే కాలం. నీడ పోయిన ఆ అడవిలో అవి ఆగాయా, పక్కకు తిరిగి పోయాయా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే అంతకు ముందు పదేండ్ల బతుకమ్మ రోజుల రాతలు ఉండాలి. గునుగు, తంగేడు పువ్వుల కోసం ఊరంతా చెలకల్లో తిరిగే రోజులవి. ప్రతి ఊరికీ ఇద్దరు రాసి ఉంటే చాలు.

మా వాచ్‌మన్ గేటు దగ్గర క్యాలెండర్‌లో ఆ తేదీ మీద "పిట్ట" అని రాసుకున్నాడు. నేను ఆ వివరం ఈబర్డ్‌లో, అంటే ఎవరైనా చూసిన పక్షుల వివరాలు రాసే వెబ్‌సైట్‌లో, ఎక్కించాను. ఆయన ఇప్పుడు రాత్రి పదకొండు తర్వాత మెట్ల లైట్లు బంద్ చేస్తున్నాడు, ఎవరూ అడగకుండానే. అసోసియేషన్‌లో ఇద్దరు గొడవపడ్డారు, నేను ఆయన వైపే నిలబడ్డాను.

వరంగల్, హన్మకొండ, కాజీపేట, ములుగు, నర్సంపేట, భూపాలపల్లి వాళ్లకు నా విన్నపం ఒకటే. ఫోన్ గ్యాలరీ తెరిచి సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వెతకండి. ఏ ఏడాదిదైనా సరే. ఇట్లాంటి రంగుల పిట్ట మీ ఇంట్లో, బడిలో, దుకాణం ముందు పడి ఉంటే ఏ ఊరు, ఏ తేదీ, బతికి ఉందా చనిపోయిందా, అద్దం దగ్గరా లైటు దగ్గరా అన్నది రాయండి. పేరు తెలియకపోయినా పర్వాలేదు. పట్టి పంజరంలో మాత్రం పెట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. పాత ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అందులోని తేదీ పోదు. నాకు పంపినవి ఒక్కొక్కటీ నేనే కూర్చుని ఎక్కిస్తాను, చూసిన మనిషి పేరుతోనే.